బాగానే ఉందమ్మా

మా కాలేజీ స్టాఫ్ రూములో ఎవరింట్లో పిల్లలకి ఆయాసం వచ్చినా ఆ కబురు నా దాకా వస్తుంది. మావాడికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉందనీ, కొన్నాళ్ళు హోమియో వాడామనీ అందరికీ తెలుసు. "మేడమ్, హోమియోతో తగ్గుతుందా?" అని అడుగుతారు. తగ్గుతుందనో తగ్గదనో ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే వాళ్ళకి ఉపయోగం ఉండదు. గుళికలు మావాడికి చేసిన చెరుపేమీ లేదు. వాటిని నమ్ముకుని వాడి ఇన్హేలరు నేను ఆపేశాను. ప్రాణం మీదికి తెచ్చింది అదీ. అందుకే అడిగిన ప్రతివాళ్ళనీ కూర్చోబెట్టి మొత్తం చెబుతాను.

మాది కృష్ణా జిల్లా. మా వైపు హోమియో ఎవరికీ కొత్త కాదు. గుడివాడలో 1945లోనే హోమియో కాలేజీ వెలిసింది. డాక్టర్ గురురాజు పేరు మీద అది ఇప్పటికీ ప్రభుత్వ కాలేజీగా నడుస్తోంది. గోదావరి అవతల రాజమండ్రి కాలేజీకి అల్లు రామలింగయ్యగారి పేరు పెట్టారు. తెర మీద అంత పేరు తెచ్చుకున్న నటుడు కూడా హోమియో వైద్యం వదల్లేదని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళం. మా ఇంటి వైద్యుడు మా పెదనాన్న. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆయన దగ్గర ఒక కొయ్యపెట్టె, అందులో గళ్ళు, గడికొకటి చొప్పున సన్నటి గాజు సీసాలు, పక్కనే అట్ట ఊడిపోయిన బోరిక్ హోమియో పుస్తకం. పైసా తీసుకునేవారు కాదు. నాకు జ్వరమొస్తే గుళికలు చేత్తో ముట్టుకోకూడదని సీసా మూతలోకి వంచి, తిన్నగా నాలుక మీద వేసేవారు. వేసి, నుదుటి మీద చెయ్యి పెట్టి కాసేపు కూర్చునేవారు. మందంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ చెయ్యే.

మావాడికి ఐదో ఏట ఉబ్బసమని తేలింది. అంతకుముందు ఏడాదిగా జలుబు చేసిన ప్రతిసారీ దగ్గు, రాత్రిపూట పిల్లికూతలు. పిల్లల డాక్టరుగారు చూసి రెండు ఇన్హేలర్లు రాశారు. ఒకటి రోజూ, ఒకటి ఆయాసం వచ్చినప్పుడు. బయట బోలెడంత మంది పిల్లలు వరసలో ఉన్నారు. రెండిటికీ తేడా ఏమిటో, జబ్బేమీ లేని రోజున కూడా ఎందుకు పీల్చాలో ఆయన చెప్పలేదు, అడగాలని నాకూ తెలియలేదు. మందుల షాపతను మాత్రం పెట్టె మీద చూపించి "ఇది స్టెరాయిడ్ మేడమ్" అన్నాడు. ఆ మాట బుర్రలో ఉండిపోయింది. ఇంటికొచ్చి చెబితే మా అత్తయ్య, "పంపు అలవాటు చేస్తే జన్మలో వదలదమ్మా, ఎదుగూబొదుగూ ఉండదు" అన్నారు. హైదరాబాదులో ఉన్న మా ఆడపడుచు, మృగశిర కార్తెకి తీసుకురండి, నాంపల్లిలో కొరమీను పిల్లతో ప్రసాదం వేయిద్దాం అంది. ఆ ఏడు కుదరలేదు. సాయం చేద్దామని ప్రేమగా వచ్చినవాళ్ళే అందరూ. ఇన్హేలరు గురించి మంచిమాట చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు.

రెండేళ్ళ పాటు రోజూ వాడాం. వాడు బాగానే ఉన్నాడు. బాగున్నాడు కాబట్టే, ఈ స్టెరాయిడ్ ఇంకా ఎన్నాళ్ళు అని నాకు గుబులు పట్టుకుంది. సంక్రాంతి వెళ్ళాక పెదనాన్న సలహాతో పట్నంలో పేరున్న ఒక హోమియో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆయన మమ్మల్ని గంట పైనే కూర్చోబెట్టారు. పిల్లాడు రాత్రి ఏ పక్కకి తిరిగి పడుకుంటాడు? దాహమేస్తే గటగటా తాగుతాడా, గుక్కగుక్కగా తాగుతాడా? ఉరుములకి భయపడతాడా? ఉప్పు ఇష్టమా, తీపి ఇష్టమా? తల మీద చెమట పడుతుందా? పీడకలలు వస్తాయా? ఒక్కొక్కటీ నోటుపుస్తకంలో రాసుకున్నారు. చివర్లో, "వీడు కడుపులో ఉన్నప్పుడు మీరు దేనికైనా బాగా దిగులు పడ్డారామ్మా?" అని అడిగారు. ఆరో నెలలో మా నాన్న పోయారు. ఆ సంగతి ఏ డాక్టరూ అడగలేదు, నేను ఎవరికీ చెప్పుకోలేదు. అక్కడే ఏడ్చేశాను. ఆయన పెన్ను పక్కన పెట్టి, నేను తేరుకునేదాకా ఆగారు.

ఇప్పుడు ఆలోచిస్తే, నా నిర్ణయం ఆ గదిలోనే జరిగిపోయింది. మందు పనిచేయడం తర్వాత సంగతి. నా మాట అంతసేపు విన్న మనిషి తప్పు చెప్పరని మనసు తీర్మానించుకుంది. హోమియో దగ్గరికి జనం ఎందుకు వెళతారని ఆశ్చర్యపోయే అల్లోపతి డాక్టర్లకి ఈ ఒక్క ముక్క చెప్పాలని ఉంటుంది నాకు. మూఢనమ్మకంతో వెళ్ళేవాళ్ళకంటే, గోడు వినే మనిషి కోసం వెళ్ళేవాళ్ళే ఎక్కువ.

అర్ధరాత్రి దాటాక ఆయాసం, ఒకచోట కుదురుగా ఉండలేకపోవడం, గుక్కగుక్కగా నీళ్ళు తాగడం, ఇవన్నీ ఆర్సెనికమ్ ఆల్బమ్ లక్షణాలని చెప్పారు. మా పెదనాన్న పుస్తకంలోనూ అలాగే ఉంది. మావాణ్ణి చూసే రాశారా అన్నట్టుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళలో చాలామందికి అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము లోపలే ఆయాసం ఎక్కువవుతుందనీ, ఒంట్లో సహజంగా ఊరే కార్టిసాల్ ఆ వేళకి బాగా తగ్గి ఉండటం అందుకొక కారణమనీ నాకు అప్పుడు తెలియదు. మావాడి ప్రత్యేక లక్షణం అనుకున్నది జబ్బు లక్షణం. ఊపిరాడనివాడు కుదురుగా ఎలా కూర్చుంటాడు? గటగటా నీళ్ళెలా తాగుతాడు?

"ఇన్హేలరు జబ్బుని లోపలికి అణిచేస్తుంది. అది వాడుతుంటే మా మందు పట్టదు. మెల్లగా మానిపించండి," అన్నారాయన. నేను మెల్లగా కూడా మానిపించలేదు. ఆ వారమే రోజువారీ ఇన్హేలరు బీరువా పై అరలోకి వెళ్ళిపోయింది. ఆయాసం వచ్చినప్పుడు వాడే నీలం పంపు మాత్రం అవసరానికని ఉంచాం.

ఏమీ కాలేదు. ఫిబ్రవరి బాగుంది, మార్చి బాగుంది. ఎండాకాలం సెలవుల్లో మా అమ్మగారింట్లో దూడ వెనకాల పరిగెత్తాడు. మందు పథ్యమని పచ్చి ఉల్లి, ఇంగువ, కాఫీ ఇంట్లో మానేశాం. వాసనకి మందు పాడవుతుందని కర్పూరం కూడా దేవుడి గదిలో వెలిగించలేదు. పంపు ఆపి గుళికలు మొదలెట్టాక పిల్లాడు బాగున్నాడు కాబట్టి గుళికలవల్లే బాగున్నాడని కనిపించినవాళ్ళందరికీ చెప్పాను. నా మాట విని మా కాలనీలో ఇంకో తల్లి కూడా ఆ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళింది. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ పిల్ల క్షేమంగా ఉంది, దేవుడి దయ.

ఆ నెలల్లో ఏం జరిగిందో తర్వాత ఆస్పత్రిలో విడమర్చి చెప్పారు మాకు. పీల్చే స్టెరాయిడ్ శ్వాసనాళాల లోపలి వాపుని తగ్గిస్తుంది. రోజూ వాడుతూ ఒక్కసారిగా ఆపితే వాపు మర్నాడే తిరిగి రాదు. వారాల మీద, ఒక్కోసారి నెలల మీద మెల్లగా పేరుకుంటుంది. అంటే ఆపేసిన మందు మిగిల్చిన మేలునే మేం కొత్త మందు ఖాతాలో రాసుకున్నాం. దానికి తోడు కాలం కూడా కలిసొచ్చింది. పిల్లలకి ఆయాసం తెప్పించేవాటిలో అన్నిటికంటే ముందుండేది జలుబు వైరస్సులు. ఎండాకాలంలో అవి తక్కువ, బడి సెలవుల్లో మరీ తక్కువ. జూన్లో బడులు తెరిచి, వానలు పడి, తరగతి గదిలో ఒకరి జలుబు ఒకరికి అంటుకోవడం మొదలయ్యాక అసలు పరీక్ష వచ్చింది.

వచ్చినా నాకు కనపడలేదు. దగ్గు పెరిగితే హోమియో డాక్టరుగారు "ఇది మంచి సూచనే, మందు పట్టేటప్పుడు ముందు జబ్బు కాస్త పైకి తేలుతుంది" అన్నారు. తగ్గితే మందు పనిచేసినట్టు. పెరిగినా పనిచేసినట్టే. ఎటూ కాకపోతే పొటెన్సీ మార్చేవారు, లేదా పెళ్ళి భోజనంలో ఎక్కడో ఉల్లి తగిలి ఉంటుందనుకునేవాళ్ళం. ఏ ఫలితం వస్తే ఈ మందు పనిచేయనట్టని ఒప్పుకోవాలి? ఆ ప్రశ్న నేను ఆయన్నీ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. ఈలోగా నీలం పంపు వాడకం పెరిగింది. అందులో 200 పఫ్‌లు ఉంటాయి. అది అయిపోయిందని మావారు ఇంకోటి తెచ్చారు, అదీ అయిపోయింది. ఉబ్బస చికిత్సకి ప్రపంచమంతా అనుసరించే మార్గదర్శకాలిచ్చే జినా అనే సంస్థ, ఏడాదిలో ఇలాంటి డబ్బాలు మూడు గానీ అంతకుమించి గానీ ఖర్చయితే తీవ్రమైన దాడి ముప్పు పెరిగినట్టే అంటుంది. మేం డబ్బాలు తెచ్చుకుంటూ పోయాం.

ఆ రాత్రి కార్తీకమాసం చివర్లో. కోతలైన పొలాల్లో గడ్డి తగలబెడుతున్నారు, ఆ పొగ మంచుతో కలిసి ఊరి మీద పరుచుకుని ఉంది. మావాడు మూడింటప్పుడు లేచి మంచం అంచున కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి ముందుకు వంగాడు. డొక్కలెగరేస్తున్నాడు. పీల్చినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది, గొంతు కింద గుంట పడుతోంది. ఏదైనా అడిగితే ఒక్కో మాటే, మధ్యలో ఊపిరి. నీలం పంపు కొట్టాను. కాసేపాగి మళ్ళీ కొట్టాను. గుళికలు కూడా వేశాను. పిల్లికూతలు ముందుగదిలోకి వినిపిస్తున్నాయి.

కొంతసేపటికి కూతలు తగ్గాయి. ఆ తర్వాత పూర్తిగా ఆగిపోయాయి.

"తగ్గుతున్నట్టుంది," అన్నారు మావారు. నేనూ అదే అనుకున్నాను. వాడు నా భుజం మీద తల వాల్చాడు. పాపం అలిసిపోయాడు, నిద్ర పట్టింది అనుకుని వీపు నిమిరాను. లైటు వేసి మా అత్తయ్య వాడి పెదవులు చూసి కేక పెట్టారు. నీలంగా ఉన్నాయి.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరమ్మ స్టెతస్కోపు ఒక పక్క పెట్టింది, ఇంకో పక్క పెట్టింది, మళ్ళీ మొదటి పక్కకి వచ్చింది. "కూతలు ఎప్పుడాగాయి?" అని అడిగింది. అరగంటైందని, తగ్గిందనుకున్నామని చెప్పాను. ఆమె నాకు జవాబు చెప్పకుండా నర్సుని కేకేసింది. వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ 84 శాతం చూపించింది. ఆక్సిజన్ మాస్కు, దానితోపాటే నెబ్యులైజరు, నరానికి స్టెరాయిడ్, ఆ తర్వాత మెగ్నీషియం డ్రిప్పు. పిల్లికూత వినపడాలంటే ఇరుకైన గొట్టంలోంచి కాస్తయినా గాలి పోవాలి. గొట్టాలు పూర్తిగా మూసుకుపోతే గాలీ ఉండదు, చప్పుడూ ఉండదు. ఉబ్బసంలో అన్నిటికంటే భయపడాల్సింది ఆ నిశ్శబ్దానికేనని తెల్లవారాక చెప్పారు. నెబ్యులైజరు పెట్టాక మావాడి ఛాతీలో మళ్ళీ కూతలు మొదలైతే ఆ డాక్టరమ్మ మొహం తేటపడింది. అది చూసి నాకు కాళ్ళు వణికాయి. నేను సంతోషించిన చోట ఆమె భయపడింది, నేను భయపడే చోట ఆమె ఊపిరి పీల్చుకుంది. కన్నతల్లినై ఉండి బిడ్డ జబ్బు గురించి నాకు అసలేమీ తెలియదన్నమాట.

వార్డుకి మార్చాక ఒక పెద్ద డాక్టరుగారు స్టూలు లాక్కుని మా పక్కన కూర్చున్నారు. మమ్మల్ని తిట్టలేదు. కాగితం మీద రెండు గొట్టాలు గీశారు. చుట్టూ ఉన్న కండరం బిగుసుకోవడం ఒక జబ్బు, లోపలి పొర వాచి జిగురు పట్టడం ఇంకో జబ్బు. నీలం పంపులో ఉండే సాల్బ్యుటమాల్ కండరాన్ని వదులు చేస్తుంది, వాపుని తాకదు. వాపుని తగ్గించేది రోజూ పీల్చే బ్యుడెసోనైడ్. నీలం పంపుతో నెట్టుకొచ్చినన్నాళ్ళూ లోపల వాపు పెరుగుతూనే వచ్చిందన్నారు. ఐదో ఏట ఎవరైనా ఇలా పది నిమిషాలు కూర్చుని చెప్పి ఉంటే నేను బీరువా పై అర జోలికి వెళ్ళేదాన్ని కాదు.

స్టెరాయిడ్ భయం గురించి కూడా ఆయన దాచలేదు. మావాడు పీల్చేది పూటకి 100 మైక్రోగ్రాములు. నోటితో మింగే ప్రెడ్నిసొలోన్ మాత్ర చిన్నది 5 మిల్లీగ్రాములు, అంటే 5,000 మైక్రోగ్రాములు. రెండూ వేరు వేరు మందులు కాబట్టి బరువుకి బరువు పోల్చకూడదు గానీ, ఊపిరితిత్తుల్లోకే పోయే మందుకీ ఒళ్ళంతా తిరిగే మందుకీ ఎంత తేడా ఉందో అర్థమవుతుందన్నారు. ఎదుగుదల మాటేమిటని అడిగాను. ఉత్తర అమెరికాలో చిన్నప్పుడు కొన్నేళ్ళు రోజూ బ్యుడెసోనైడ్ పీల్చిన పిల్లల్ని పెద్దయ్యేదాకా కొలిచారనీ, వాడనివాళ్ళకంటే వాళ్ళ ఎత్తు సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ ఉందనీ 2012లో ప్రచురించారని చెప్పారు. ఆ సంఖ్య దాచకుండా చెప్పినందుకు ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది. వేలి గోరంత ఎత్తు తగ్గుతుందని భయపడి ఇన్హేలరు ఆపిన నేను, ఆస్పత్రిలో ఉన్న ఆ కొద్ది రోజుల్లో నరానికీ నోటికీ కలిపి ఎంత స్టెరాయిడ్ ఎక్కించనిచ్చానో లెక్క వేసుకున్నాను. అడ్డు చెప్పే హక్కు నాకెక్కడిది?

నేను కెమిస్ట్రీ లెక్చరర్ని. ఈ మాట చెప్పడం నాకు చాలా కష్టం. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకి ఏటా మోల్ భావన చెబుతాను, ఒక మోల్ పదార్థంలో 6.022×10²³ కణాలుంటాయని బోర్డు మీద రాస్తాను. హోమియోలో 30 పొటెన్సీ అంటే ఒక వంతు మందుని 99 వంతుల ద్రావణిలో కలపడం, అందులో ఒక వంతు తీసి మళ్ళీ 99 వంతుల్లో కలపడం, ఇలా 30 సార్లు. మొత్తం పలచన 1 పక్కన 60 సున్నాలు. పన్నెండోసారికే అవగాడ్రో సంఖ్య దాటిపోతుంది. ఆ తర్వాత మొదటి పదార్థం ఒక్క అణువైనా మిగిలే అవకాశం లేదు. భూమ్మీది సముద్రాలన్నిటిలో ఉన్న నీటి అణువుల్ని లెక్కపెట్టినా ఆ 60 సున్నాల దరిదాపులకి రాదు. ఈ లెక్క నా క్లాసులో ఏ పిల్లాడైనా అర నిమిషంలో వేస్తాడు. పగలు అది బోర్డు మీద రాసి, రాత్రి ఇంటికొచ్చి కొడుకు నాలుక మీద నాలుగు గుళికలు వేశాను. రెండిటినీ ఒక్కచోట పెట్టి చూడలేదు. చూడలేకపోవడం కాదు, చూడాలనుకోలేదు.

హోమియోని పుట్టించిన హానిమన్ మీద నాకు కోపం లేదు. జర్మనీలో ఆయన తన వైద్య పద్ధతిని 1796లో మొదటిసారి ప్రకటించాడు. ఒక పదార్థంలో ఎన్ని అణువులుంటాయో అంచనా కట్టగలిగింది 1865లో, ఆయన పోయిన 22 ఏళ్ళకి. రోగుల రక్తం తీసి, జులాబులిచ్చి ప్రాణాల మీదికి తెచ్చే రోజుల్లో ఆయన మందులు కనీసం హాని చేయలేదు, రోగి చెప్పేది ఓపిగ్గా విన్నాడు కూడా. ఆ కాలానికి అది పెద్ద మేలు. ఈ కాలంలో పీల్చే మందు చేతిలో ఉండగా దాన్ని మానిపించడం దగ్గరే చిక్కంతా ఉంది.

ఆస్పత్రి నుంచి వచ్చాక, ముందే చదవాల్సినవి చదివాను. ఉబ్బసానికి హోమియో పనిచేస్తుందా అని శ్రద్ధగా పరీక్షించినవాళ్ళు లేకపోలేదు. 1994లో లాన్సెట్ పత్రికలో గ్లాస్గో బృందం 28 మంది అలర్జీ ఉబ్బస రోగులతో చేసిన పరీక్షలో మేలు కనిపించిందని రాశారు. హోమియో అభిమానులు ఇప్పటికీ అది చూపిస్తారు. దుమ్ముపురుగు అలర్జీ ఉన్న 242 మందితో ఇంగ్లండులో పెద్ద ఎత్తున పరీక్షిస్తే ఉత్తుత్తి మందుకీ హోమియోకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అది 2002లో వచ్చింది. 2003లో థొరాక్స్ పత్రికలో వచ్చింది నాకు అన్నిటికంటే గుచ్చుకుంది. 96 మంది ఉబ్బసం ఉన్న పిల్లలు. అనుభవమున్న హోమియో వైద్యులే ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, మా డాక్టరుగారు అడిగినట్టే అన్నీ అడిగి, ఎవరికి తగిన మందు వాళ్ళకి ఎంపిక చేశారు. సగం మందికి ఆ మందు, సగం మందికి ఒట్టి గుళికలు. ఏడాది చూస్తే తేడా లేదు. ఇంకో ముఖ్యమైన సంగతేమిటంటే, అక్కడ హోమియోని మామూలు మందులకి తోడుగానే ఇచ్చారు. ఇన్హేలరు స్థానంలో ఇవ్వలేదు. పరీక్ష కోసమైనా అక్కడ చేయని పని నేను ఇంట్లో చేశాను.

మరి గుళికలు వేసుకున్నాక బాగున్నట్టు అనిపించడం అబద్ధమా? కాదు. అది నాకు తెలిసింది పీక్ ఫ్లో మీటర్ కొన్నాక. అదొక చిన్న ప్లాస్టిక్ గొట్టం, పక్కన అంకెలు, జరిగే ముల్లు. నిలబడి, గుండెల నిండా గాలి పీల్చి, ఒక్క ఊపున ఊదాలి. మూడుసార్లు ఊది పెద్ద అంకె రాసుకోవాలి. మావాడు బాగా ఉన్న రోజుల్లో ఊదితే 220 వచ్చేది. ఒకరోజు బడి నుంచి వచ్చి బ్యాగు పడేసి బ్యాటు తీసుకుంటుంటే ఆపి, ఎలా ఉందిరా అని అడిగాను. "బాగానే ఉందమ్మా," అన్నాడు. మొహంలో ఏ బాధా లేదు. ఊదమంటే 140 దగ్గర ఆగింది ముల్లు. మళ్ళీ ఊదాడు, అంతే. మామూలుగా వచ్చేదాంట్లో మూడింట రెండు వంతులు కూడా లేదు. వాడు అబద్ధమాడలేదు. మెల్లగా బిగుసుకునే ఊపిరికి ఒళ్ళు అలవాటు పడిపోతుంది. ఆ ఎండాకాలమంతా నేను రోజూ అడిగాను, వాడు రోజూ బాగానే ఉందమ్మా అన్నాడు, ఆ మాటనే ఆధారంగా తీసుకున్నాను.

దీని మీద ఒక పరిశోధన ఉంది. 2011లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఉబ్బస రోగులకి ఒకసారి నిజమైన సాల్బ్యుటమాల్, ఒకసారి మందు లేని పంపు, ఒకసారి ఉత్తుత్తి ఆక్యుపంక్చర్, ఒకసారి ఏమీ ఇవ్వకుండా కూర్చోబెట్టడం, ఇలా మార్చి మార్చి చేశారు. ఎంత మెరుగనిపించిందని అడిగితే నిజమైన మందుకి 50 శాతం అన్నారు, ఒట్టి పంపుకి 45, ఉత్తుత్తి సూదులకి 46. ఏమీ ఇవ్వకపోతే 21. అనిపించడంలో మందుకీ మాయకీ తేడా దాదాపు లేదు. ఊపిరితిత్తుల్ని యంత్రంతో కొలిస్తే మాత్రం నిజమైన మందుతో ఊపిరి 20 శాతం పెరిగింది, మిగతా మూడిటితో 7 శాతం దగ్గరే ఆగింది. ఆ పేజీ ప్రింటు తీసి చాలాకాలం నా బీరువా తలుపుకి లోపల అంటించి ఉంచాను. గుళికలు వేసుకున్న నా బిడ్డకి నిజంగానే బాగున్నట్టు అనిపించి ఉంటుంది. ఊపిరి గొట్టాలకి ఆ సంగతి తెలియదు.

పెదనాన్నకి ఇవన్నీ చెప్పడానికి నాకు చాలాకాలం నోరు రాలేదు. చెప్పాక ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, ఆ 96 మంది పిల్లల పరిశోధన కాగితం చేతిలోకి తీసుకున్నారు.

"ఏమ్మా, ఈ పిల్లలు పంపు వాడుతూనే మన మందు వేసుకున్నారా?"

"అవును పెదనాన్నా. పంపు ఎవరికీ మాన్పించలేదు."

"మరి మనం ఎందుకు మాన్పించాం?"

మనం అన్నారు. నేను చేసిన పనిలో సగం ఆయన మోశారు. కొయ్యపెట్టె ఇప్పటికీ ఉంది, జలుబుకీ అజీర్ణానికీ ఊళ్ళోవాళ్ళు వస్తూనే ఉన్నారు, నేను వాదించను. ఆయాసమని వచ్చినవాళ్ళని మాత్రం ఆయన ముందుగా అడిగేది పంపు వాడుతున్నారా లేదా అని. వాడకపోతే డాక్టరుగారి పేరు రాసిచ్చి, ఆటోకి డబ్బులిచ్చి పంపుతారు.

నేను వాదించేది బస్టాండు గోడల మీది బోర్డులతో. ఉబ్బసం శాశ్వతంగా నయం, ఇన్హేలరు నుంచి విముక్తి అని రాసి ఉంటాయి. మన దేశపు మందుల నిబంధనల్లో షెడ్యూల్ జె అని ఒక జాబితా ఉంది. ఏ మందూ నయం చేస్తుందని చెప్పుకోకూడని జబ్బుల జాబితా అది. అందులో ఉబ్బసం ఉంది. 2019 అంచనాల ప్రకారం మన దేశంలో దాదాపు 3.4 కోట్ల మందికి ఉబ్బసం. ప్రపంచంలోని ఉబ్బస రోగుల్లో వీళ్ళు 13 శాతమే గానీ ఉబ్బసంతో పోయేవాళ్ళలో 40 శాతం పైగా మనవాళ్ళు. ఆ తేడాకి కారణాలు చాలా ఉంటాయి, బీదరికం, దూరం, పొగ. రోజూ వాడాల్సిన ఇన్హేలరు వాడకపోవడం వాటిలో పెద్దది. మావాడు ఆ లెక్కలో చేరకుండా తప్పించుకున్నాడు.

ఇప్పుడు వాడు ఇంటర్ మొదటి సంవత్సరం. నా కాలేజీ కాదు, విజయవాడ హాస్టల్లో ఉన్నాడు. పంపుకి తగిలించే స్పేసర్‌తో పీల్చడం, పీల్చాక నోరు పుక్కిలించడం ఎవరూ చెప్పక్కర్లేదు. ఎత్తులో వాళ్ళ నాన్నని దాటాడు. మొన్న సెలవులకొచ్చి, "ఏడాదైంది కదమ్మా ఆయాసం వచ్చి. ఇంక ఆపేద్దాం," అన్నాడు. ఆ మాట వినగానే నాకు గుండె ఆగినంత పనైంది. వద్దని గట్టిగా అరవబోయి ఆగాను. వాడి కోరిక తప్పు కాదు. ఉబ్బసం కనీసం మూడు నెలలు అదుపులో ఉంటే మందు మోతాదు తగ్గించి చూడొచ్చని మార్గదర్శకాల్లోనే ఉంది. తగ్గించడం వేరు, బీరువా ఎక్కించడం వేరు. ఇద్దరం కలిసి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన మూడు నెలల పీక్ ఫ్లో అంకెలు చూశారు, యంత్రంలో ఊదించారు, మోతాదు సగం చేశారు. చలికాలంలో అంతకంటే తగ్గించొద్దన్నారు. మీటర్ మళ్ళీ హాస్టల్‌కి తీసుకెళ్ళాడు. పొద్దున పూట అంకె నాకు మెసేజ్ పెడతాడు, మర్చిపోతే నేను ఫోన్ చేస్తాను, విసుక్కుంటాడు. ఇంకా తగ్గించాలా వద్దా అన్నది సంక్రాంతి తర్వాత చూద్దామన్నారు డాక్టరుగారు. అప్పటిదాకా రాత్రి పడుకోబోయే ముందు ఒక్క పఫ్.